రెండు తలల పక్షి కాపలా

ఫోటో రేప్పొద్దున తీసుకో సార్. ఇప్పుడు ముద్రరాయి కాడికి పోవాకు.

కెమెరాకి లైటు ఉండాదంటావా? లైటుతో అయ్యే పని కాదప్పా అది. పొద్దు మునిగినాక మా మఠంపల్లి మనిషి ఒక్కడు ఆ రాయి కాడ నిలబడడు. లారీ జయరాం ఉండాడే, ఊరంతా మీసం తిప్పుకోని తిరుగుతాడు, వాని బండికి సరిగ్గా ఆ రాయి ముందర పంచరాయ. దిగి స్టెప్నీ మార్చేదానికి గుండె చాల్లేదు. రిమ్ము మీదనే ఈ క్రాస్ దాకా తోలుకోనొచ్చినాడు. టైరు చింపిరి చింపిరి అయిపాయ. ఇంగ మీసమెందుకురా నీకి అని అడిగితే, నువ్వు పోయి నిలబడు లక్ష్మీదేవక్కా, అప్పుడు మాట్లాడు అన్నాడు.

కూచో. రాయదుర్గం బస్సు ఇప్పుడే రాదు. బజ్జీలు ఏస్తాండా, తింటా ఉండు. ఆ రాయి సంగతి నేను చెప్తా. నువ్వు పుస్తకాల్లో చదివింది వేరే, నేను చెప్పేది వేరే.

ఈడ ఒకప్పుడు బెత్తంసామి అని ఉండెనంట. సన్యాసే, కానీ ఈ చుట్టుపక్కల పల్లెల్నంతా రాజు మాదిరి ఏలినాడంట. పొద్దున పూజ, మద్యాన్నం తీర్పులు. ఒక చేతిలో బెత్తం, ఇంగో చేతిలో కత్తి. ఆయప్ప ముద్రే నువ్వు చూడాలని వచ్చింది. రెండు తలల పక్షి. ఒక కాలితో బెత్తం పట్టుకోనుంటాది, ఒక కాలితో కత్తి. ఒక తల ఊరి తట్టు చూస్తాంటాది, ఒక తల బయటి తట్టు.

సామి పాయ. కత్తి పాయ. మఠంలో ఇప్పుడు గబ్బిలాలు ఉండాయి. ముద్ర మాత్రం పోలేదు సార్! ఇస్కూలు పిల్లోల్ల చొక్కాజేబు మీద అదే. పాలకేంద్రం క్యాన్ల మీద అదే. జయరాం లారీ నొసటిన అదే. ఏ ఇంటి తలుపు మీద చూసినా ఎర్రమన్నుతో అదే గీసింటారు, పక్షి కాపలా ఉంటే దెయ్యం గడప దాటదని.

దెయ్యం ఏందంటావా? చెప్తా, తొందరపడాకు.

ఆ రాయి సామి ఏలుబడికి పొలిమేర. మఠం సొత్తు ఎవడన్నా దొంగతనంగా రాయి దాటిస్తే, పట్టుకోనొచ్చి ఆ రాయికే కట్టేసేవాళ్ళంట. గుక్కెడు నీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు కాదంట. ప్రాణం పోయేదాకా వాళ్ళు ఇంటోళ్ళ పేర్లు పెట్టి పిలుస్తానే ఉండేవాళ్ళంట... ఎవరూ వచ్చేవాళ్ళు కాదంట.

ఆ పిలుపే ఇంగా ఆడ తిరుగుతాండాదని మా పెద్దోళ్ళు చెప్పేది. మఠం సొత్తు దాటించినోన్ని అది వెనకనుంచి పిలుస్తాది. వాని ఇంటోళ్ళ గొంతుతో పిలుస్తాది, పేరు పెట్టి పిలుస్తాది. తిరిగి చూడకూడదు. 'ఓ' అనకూడదు. పలికితే ఇంగ వాడు దానితోనే పోతాడు.

నేను నమ్ముతానా అని అడగొద్దు. మా తిప్పయ్య నమ్మినాడు. అది చాలదా?

తిప్పయ్య నా మరిది. మా చెల్లెలు మారెక్క మొగుడు. వాళ్ళకి పిల్లోల్లు లేరు. ఒక ఎద్దు ఉండెడిది, పుల్లన్న అని. మారెక్క దానికి దూడప్పట్నించి చేత్తో గంజి తాగిచ్చి పెంచింది. కడుపున పుట్టినోన్ని కూడా అంత గారాబం చెయ్యరు. సంతకి పోయి తనకి గాజులు తెచ్చుకోదు, పుల్లన్నకి గజ్జెలు తెస్తాది!

ఆ ఎద్దు ముద్రెద్దు సార్. అంటే, మొక్కుకోని మఠం దేవునికి ఇచ్చిన ఎద్దు. జాతరలో తొడ మీద ఆ పక్షి ముద్ర కాలుస్తారు. ముద్ర పడినాక దాంతో సేద్యం చేసుకోవచ్చు గానీ, అమ్మకూడదు. చచ్చిందాకా మేపల్ల, చస్తే పసుపు పూసి పూడ్చల్ల. ఏ దళారీ కూడా ముట్టడు దాన్ని. ముద్ర చూస్తానే దండం పెట్టి పోతాడు.

బాగుండే కాలంలో అది బాగానే ఉండె. రెండువేల మూడులో వచ్చింది చూడు కరువు... దాని ముందరి ఏడు వానల్లేవు, అంతకుముందు ఏడూ లేవు. బోర్లల్లో గాలి వస్తాంది. వేరే ఎద్దుల్ని ఎంతకొస్తే అంతకి తోలేసినారు. ముద్రెద్దుల్ని ఏం చెయ్యల్ల? గడ్డి క్యాంపు రాయదుర్గం తట్టు పెట్టినారంట, ఆడిదాకా నడిచే సత్తువ యాడిది వాటికి?

అప్పుడు ఊర్లో ఒక తెలివి పుట్టింది. పాడు తెలివి. రాయి అవతల సామి ఏలుబడి లేదు కదా, ముద్రకి అధికారం లేదు కదా, ఆడికి తోలి ఇడిచిపెడితే పాపం మనకి రాదు అని. కన్నడ పల్లెల వాళ్ళు ఎవరన్నా పట్టుకోని మేపుకుంటారులే అని నోటితో అనేది. మనసులో అందరికీ తెలుసు. ఇడిచేముందర మెడలో గంట విప్పి ఇంట్లో కొయ్యకి తగిలిచ్చేది. గంట ఇంటిది, ఎద్దు దేవునిది అని ఒక మాట. చీకటి పడినాక తోలుకోని పోయేది, ఒకరి మొగం ఒకరు చూడకుండా.

మారెక్క ఒప్పుకోలేదు. "నేను సచ్చినాక ఇడువు" అనింది మొగునితో.

కొట్టం మీద కప్పిన బోదగడ్డి పీకి పీకి పెట్టింది ఎద్దుకి. బోద అయిపాయ. తన వంతు సంగటి నీళ్ళల్లో పిసికి దానికి తాగిచ్చేది, తాను ఉత్త నీళ్ళు తాగి పండుకునేది. నేను పోయి చూస్తే ముంజేతి గాజులు మోచేతి దాకా ఎక్కుతాండాయి. తిట్టినా. చేతులెత్తి మొక్కినా. నవ్వింది ముండ. "అక్కా, వాడు నోరులేనోడు. నేనన్నా అడుక్కోని తింటా, వాడు ఎవరిని అడుగుతాడు?" అనింది.

ఎద్దు బతకల్లనా, పెండ్లాం బతకల్లనా... తిప్పయ్య ముందర అదే ఉండేది సార్. ఈ ఎద్దు ఉన్నంతకాలం ఇది తినదు, తినకపోతే బతకదు అని వానికి అర్థమైపాయ. అందుకే చేసినాడు. నాకు వాని మీద కోపం లేదా అంటే, ఉండాది. శానా ఉండాది. కానీ చేసింది పెండ్లాం కోసమేనని నాకు తెలుసు.

ఆ వారంలో నా మనవరాలిని ఉయ్యాల తొట్లో ఏసే పండగ. గుమ్మఘట్టలో, అప్పుడు మేముండే ఇంట్లో. మారెక్క రెండు దినాలు ఉండేటట్టు వచ్చింది. తిప్పయ్య ఆ అదును చూసుకున్నాడు. పొద్దు మునిగినాక గంట విప్పి కొయ్యకి తగిలిచ్చి, ఎద్దుని తోలుకోని బయల్దేరినాడు.

మిగతాది వాడు నాకు చెప్పిందే. ఎన్నిసార్లు చెప్పినాడో లెక్కలేదు.

అమావాస్య దగ్గర దినాలు. కన్నుకి చెయ్యి కానరాదు. ఎద్దు అడుగు ఏస్తాది, నిలబడతాది. అడుగు ఏస్తాది, నిలబడతాది. రాయి కాడికి వస్తానే అసలు కదల్లేదంట. మెడకి తాడేసి లాగినాడు. తోక మెలి పెట్టినాడు... రాయి దాటిచ్చినాడు. బీడు మధ్యలో పాతబడిన మఠం బాయి ఒకటి ఉండాది, గట్టు కూలిపోయింది, నీళ్ళు పోయి ఎన్నో ఏండ్లాయ. దానికి ఈ పక్కనే కంపచెట్ల కాడ ఇడిచిపెట్టినాడు.

"పో నాయనా" అన్నాడంట. ఎద్దు వాని భుజం మీద మూతి పెట్టింది.

ఇంగ నిలబడలేకపాయ. తిరిగి నడిచినాడు. అడ్డదారిన కాదు, బండ్లబాట పట్టుకోని, ఏడ్చుకుంటా.

రాయి ఈ తట్టుకి వచ్చినాడు. వెనక ఎక్కడో దూరంగా—

గణ్... గణ్...

నిలబడిపాయ. పుల్లన్న గంట. ఆ సప్పుడు వానికి తెలీదా? కానీ ఆ గంట ఇంట్లో కొయ్యకి ఉండాది. వాడే, వాని చేత్తోనే తగిలిచ్చి వచ్చినాడు.

గణ్ గణ్... గణ్ గణ్... కంపచెట్లల్లో అట్ల పోతాంది, ఇట్ల వస్తాంది. ఏదో ఎతుకుతాన్నట్టు.

అంతలోకే గంట టప్పున ఆగిపాయ. మధ్యలో గొంతు పట్టుకున్నట్టు ఆగిపాయ. ఇంగ ఏ సప్పుడూ లేదు. గాలి కూడా లేదు.

తర్వాత... సన్నగా... ఎక్కడో భూమి లోపల్నుంచి వచ్చినట్టు—

"తిప్పయ్యా..."

మారెక్క గొంతు.

సార్, నీకి ఒకటి తెలియల్ల. మా తట్టు ఆడోళ్ళు మొగుని పేరు పలకరు. నోరు జారి కూడా రాదు. ఓట్లోళ్ళు వచ్చి మీ ఇంటాయన పేరేమ్మా అంటే పక్కింటి భద్రమ్మ తట్టు చూసేది మారెక్క, ఆయమ్మ చెప్పల్ల. పెండ్లయి ఇరవై ఏండ్లకి పైనాయ, 'ఇదో', 'ఏమయ్యో' తప్ప వాడు ఇంగో మాట ఇనలేదు పెండ్లాం నోట్లోనుంచి. పైగా పెండ్లాం గుమ్మఘట్టలో ఉండాది, వానికి తెలిసినంత వరకు.

ఇంగేం అనుకుంటాడు చెప్పు?

"తిప్పయ్యా... ఓ తిప్పయ్యా..."

వాడు పలకలేదు. తిరిగి చూడలేదు. రెండు చేతులతో చెవులు మూసుకోని ఉరికినాడు. ఒక చెప్పు యాడ పోయిందో తెలీదు. పడినాడు, లేసినాడు. వంకలో రాళ్ళకి మోకాళ్ళు కొట్టుకునె. ఇల్లు చేరి తలుపేసి గడియ పెట్టి, తలుపు మీద ముద్రకి లోపల్నుంచి చెయ్యి ఆనిచ్చి, అట్లనే కూలబడినాడు. పక్షీ, నువ్వే కాపాడినావు తల్లీ అని మొక్కినాడంట. దీపం కూడా ముట్టియ్యలేదు. చీకట్లో, మూలకి నక్కి, తెల్లార్లు మొక్కుతానే ఉండాడు.

తెల్లారి తలుపు తీస్తే, పక్కింటి భద్రమ్మ వాకిలి ఊడుస్తాంది.

"ఏమప్పా, ఎద్దు దొరికినాదా?" అనింది.

ఎవరికీ తెలీకుండా చేసిన పని కదా.

"ఏ ఎద్దు?"

"ఏ ఎద్దేంది! నిన్న రేత్రి మీ మారెక్క బస్సు దిగొచ్చింది గదా. కొట్టం చూసింది, లబోదిబో అనింది. వొద్దమ్మే, చీకట్లో యాడికి పోతావు అని నేను కొంగు పట్టుకుంటే ఇడిపిచ్చుకోని అడ్డదారిన ఉరికింది. గంట ఊపితే మా పుల్లన్న యాడున్నా వస్తాడు అని కొయ్యకి ఉండే గంట తీసుకోని మరీ పాయ. రేత్రి మీ తలుపు పడిన సప్పుడు ఇనపడె, ఇద్దరూ వచ్చినారులే అని నేను పండుకుంటి."

వాడు లోపలికి తిరిగి చూసినాడు.

కొయ్య బోసిగా ఉండాది సార్.

మా ఇంట్లో పండగ ఆ దినమే అయిపాయ. నేను ఉండమన్నా ఉండలేదు. "పుల్లన్నకి ఈయన నీళ్ళు పెడతాడో లేదో అక్కా, మనసు కుదురుగా లేదు" అని ఆఖరు బస్సు ఎక్కింది. ఓళిగలు మూట కట్టిచ్చినా, తినేదానికి. అవి ఎద్దుకే పెట్టింటాది, నాకు తెలుసు.

గొర్లు తోలుకోని పోయిన ఎర్రన్న మొదట చూసినాడంట. మఠం బాయి అంచున పుల్లన్న నిలబడుకోని ఉండాడు. మెడ కిందికి వేలాడేసి, బాయిలోకి చూస్తాండాడు. ఎర్రన్న అదిలించినా కదల్లేదు. కట్టెతో కొట్టినా కదల్లేదు. అప్పుడు ఎర్రన్న కూడా తొంగి చూసినాడు.

చీకట్లో బాయి కానరాలేదు మా పాపకి, మారెక్కకి. గంట ఊపుకుంటా నేరుగా పోయి పడిపాయ. పడి, పైన మొగుడు పోతాండే అలికిడి ఇనిందో, ఎద్దుని ఈడికి తోలుకోనొచ్చింటాడు, దగ్గర్లోనే ఉంటాడు అనుకునిందో... 'ఏమయ్యో' అంటే ఏ మగోడైనా కావచ్చు. అందుకే పేరు పెట్టి పిలిచింది. పుట్టి బుద్ధెరిగినాక ఎప్పుడూ పలకని పేరు, ప్రాణం మీదికొస్తే పలికింది. అది ఇనబట్టే వాడు ఉరికినాడు.

బజ్జీలు సల్లారిపోతాండాయి. తిను నాయనా. నాకేం కాలేదు, పొగకి కండ్లు నీళ్ళు కారుతాండాయి.

తిప్పయ్య ఆ దినమే తలుపు మీద ముద్ర గీకేసినాడు. కొడవలితో గీకినాడు, చెక్క లేచొచ్చేదాకా. ఊరోళ్ళు కొట్టేదానికి వచ్చినారు, ముద్రని గీకుతావా అని. నేను అడ్డం నిలబడినా. "రండిరా, నన్ను కొట్టండి ముందు. ఈ పక్షికి రెండు తలలుండాయి గదా, ఒక్క తలన్నా చూసిందా మా చెల్లెల్ని?" అన్నా. ఒక్కొక్కడే ఎనక్కి మళ్ళుకున్నారు. పుల్లన్న ఇంగో రెండేండ్లు బతికె. మరుసటేడు వానలు పడినాయి సార్, కావల్సినంత గడ్డి.

ఇప్పుడు చెప్తా ఇను, ఎందుకు పోవద్దన్నానో. ఆ రాయి కాడ ఉండేది దెయ్యం కాదు, మా తిప్పయ్య. పొద్దు మునిగితే పోయి ఆ రాయికి ఆనుకోని కూచుంటాడు. ఉండుండి 'ఓ...' అని పలుకుతాడు. 'వస్తాండా మారెక్కా, ఓ...' అంటాడు. చీకట్లో ఇన్నోళ్ళు చొక్కాలు తడుపుకోని ఉరుకుతారు. జయరాం ఇనింది కూడా అదే. వాళ్ళు దెయ్యమనే అనుకోనీ, నేను ఎవరికీ చెప్పను. తెలిస్తే పట్టుకపోయి యాడన్నా కట్టేస్తారు వాన్ని.

దారిలో మనిషి కనపడితే మాత్రం లేసి అడ్డం వస్తాడు. ఏమీ తెలీకుండా ఈ చీకట్లో పోయింటే నువ్వూ బెదిరి ఉరికేవాడివి. కొట్టడు, తిట్టడు. ఒక్కటే అడుగుతాడు. "అన్నా, బాయిలో పడిన మనిషి ఎంతసేపు బతుకుతాది?" అని.

నన్నూ అడుగుతాడు, సంగటి తీసుకపోయినప్పుడల్లా. "వదినా, నేను ఇల్లు చేరకముందే పోయింటాది కదా? నేను తిరిగి పోయినా దక్కింటాదా?" అంటాడు. "పోయింటాదప్పా, నువ్వు వంక దాటకముందే పోయింటాది" అంటా. అప్పుడు రెండు ముద్దలు తింటాడు.

నీకి నిజం చెప్తా సార్. వేరే ఊరోనివి, రేపు పోతావు. నువ్వెవరికీ చెప్పవని చెప్తా.

మా పాపని కడిగింది నేనొక్కదాన్నే. చేతులకి గోర్లు లేవు సార్. ఏళ్ళ కొనలు తోలు పోయి, మట్టి లోపలికి దూరింది. ఎంత నీళ్ళు పోసినా రాలేదు. తాడు కట్టుకోని బాయిలోకి దిగింది ఎర్రన్న. బాయి గోడకి మనిషెత్తుకి పైనే కాళ్ళు పెట్టుకునేదానికి గుంతలు తవ్వింది అని వాడు నాతో ఒక్కసారే అన్నాడు, అని మొగం తిప్పుకున్నాడు. మర్నాడే రాళ్ళు, మట్టి ఏసి ఆ బాయిని పూడ్చేసినాడు, తిప్పయ్య తొంగి చూడకుండా. ఎక్కింది, పడింది. ఎక్కింది, పడింది. తెల్లారేదాకా బతికింది మా పాప.

అదో, నీ బస్సు లైట్లు. లెయ్.

పొద్దున ఫోటో తీసేదానికి నువ్వు వస్తావు గదా, తెల్లారగానే వస్తే ఇంగా వాడు ఆడే కూచోనుంటాడు. నిన్నూ అడుగుతాడు. నువ్వు యూనివర్సిటీలో చదువుకున్నోనివి, మేం చెప్తే నమ్మనిది నువ్వు చెప్తే నమ్ముతాడు. పడినంతలోకే పోతాది, నొప్పి కూడా తెలీదు అని చెప్పు నాయనా. వాని కండ్లల్లోకి చూసి చెప్పు.